బండ గుణమెరిగి తుడవడం

అమావాస్య నాడు నిమ్మకాయను రెండు చెక్కలు చేసి, కుంకుమ అద్ది, గడపకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి పెట్టడం తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, అంగళ్ళలో ఉన్న అలవాటే. మర్నాడు వాడిపోయిన చెక్కలు తీసి పారేసి కసువు నూకుతారు. గ్రానైట్ మెట్టు మీదైతే ఆ చెక్కల ఆనవాలు ఏమీ మిగలదు. బేతంచెర్ల పాలిష్ బండ మీద మాత్రం రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఒకటి ఉండిపోతుంది. తడిగుడ్డతో రుద్దినా పోదు, సబ్బు వేసి తోమినా పోదు. అది బండకు అంటిన మరక అయితే కదా పోవడానికి! అక్కడ బండే పైపైన కరిగిపోయింది.

ఇంటి నేలను బాగా చూసుకోవాలనుకునేవాళ్ళు ఆ మచ్చ దగ్గర మొదలుపెట్టడం మేలు. నేల మురికివల్ల పాడవుతుందని అందరూ అనుకుంటారు. మురికివల్ల పాడైన నేలలకన్నా, మురికి వదిలించబోయి పాడుచేసుకున్నవే ఎక్కువ. ఒక నేలకు మందైనది ఇంకో నేలకు విషం. అందుకని చీపురు, బకెట్, సీసా వీటన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది కాలికింద ఉన్నది ఏ రాయి, ఎలా పుట్టింది అన్నదే.

బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా. ఆ ఊరి పేరు చెబితే రాయలసీమ అవతల కూడా ఇళ్ళు కట్టించేవాళ్ళకు ముందు గుర్తొచ్చేది బండలే. చుట్టుపక్కల నేలలో రాయి పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా పరుచుకొని ఉంటుంది. పొర సందు చూసి ఉలి పెట్టి కొడితే బండ పలకలా లేస్తుంది. పొరను బట్టి మందం మారుతుంది, రంగూ మారుతుంది. ఒకటి బూడిదరంగు, ఒకటి పచ్చఛాయ, ఇంకొకటి పసుపు. ఫ్యాక్టరీల్లో అంచులు కోసి, ఒక ముఖాన్ని నున్నగా పాలిష్ పట్టి అమ్ముతారు. అడుగు ముఖం గరుకుగానే ఉంటుంది. కడప నల్లబండ, తాడిపత్రి బండ, తెలంగాణలో తాండూరు బండ, కర్ణాటకలో షాబాదు బండ అన్నీ దీని దగ్గరి చుట్టాలే. వాడుకలో నాపరాయి అంటారు, చదువుల్లో సున్నపురాయి అంటారు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపు ఒండ్రు బిగుసుకొని రాయైంది. కడప, కర్నూలు రాతి పొరల మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో పెద్ద గ్రంథమే రాశాడు. ఇక్కడి సున్నపురాతిలో ఒక ముఖ్యమైన పొరకు కడప జిల్లా ఊరైన నార్జి పేరే నిలిచింది.

ఈ రాతికి పులుపు పడదు. ఆ మాటకు సాక్ష్యం చూడాలంటే దూరం పోనక్కరలేదు. బేతంచెర్లకు దగ్గర్లోనే బిలస్వర్గం గుహలున్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు బయటికి తీసింది వాటిలోనే. ఇంకొంచెం దూరంలో, కొలిమిగుండ్ల మండలంలో, 3,229 మీటర్ల పొడవున బెలుం గుహలున్నాయి. ఇంతింత గుహలను ఎవరూ ఉలితో చెక్కలేదు. నీరు తొలిచింది. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. నాలుకకు తెలియనంత పులుపు అది. అయినా యుగాల తరబడి పగుళ్ళలో ఇంకి ఇంకి కొండ కడుపును ఖాళీ చేసింది. అంత పల్చని పులుపుకే గుహ పుట్టినప్పుడు, నిమ్మరసానికి ఒక్క రాత్రిలో పాలిష్ పోవడంలో వింతేముంది?

నిమ్మకాయ ఒక్కటే కాదు. పూజసామాను తోమడం చూడండి. పండగ ముందు రోజు ఇత్తడి కుందులు, చెంబులు, హారతి పళ్ళెం ముందేసుకొని చింతపండుతోనో, అంగట్లో దొరికే పొడితోనో రుద్దుతారు. ఇత్తడి మెరుస్తుంది. కూర్చున్న చోట బండ మాత్రం వెలిసిపోతుంది, ఎందుకంటే చింతపండులోనూ ఆ పొడుల్లో చాలావాటిలోనూ ఉన్నది పులుపే. వంటగట్టు కడప నల్లబండదైతే టమేటా కోసిన చోట, పెరుగు ఒలికిన చోట, కూల్‌డ్రింక్ సీసా అడుగు తడి ఆరిన చోట బూడిదరంగు వలయాలు కనిపిస్తాయి. వీటన్నిటికీ విరుగుడు ఒకటే. ఒలికిన వెంటనే తుడిచి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి, పొడిగుడ్డతో అద్దాలి. సామాను తోమేది బండ మీద కాక ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకోవాలి. నిమ్మచెక్కల కింద చిన్న ఆకో, పళ్ళెమో పెడితే ఆచారమూ నిలుస్తుంది, బండా నిలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది గృహప్రవేశానికి ముందు రోజు. బండలు పరిచాక సందుల్లోంచి పొంగిన సిమెంటు పాలు, సున్నం చుక్కలు, పెయింటు మరకలు నేల నిండా ఉంటాయి. తెల్లారితే చుట్టాలొస్తారు. అప్పుడు ఎవరో ఒకరు యాసిడ్ డబ్బా తెప్పించి, నీళ్ళలో కలిపి నేలంతా చల్లి, ఈనెల చీపురుతో రుద్దుతారు. బుసబుసమని నురగ లేస్తుంది. ఆ నురగను చూసి మురికి పోతోందనుకుంటారు. ఆ బుడగల్లో ఉన్నది బొగ్గుపులుసు వాయువు, అది బయటికొస్తున్నది బండలోంచి! సిమెంటు పోతుంది, నిజమే. దానితోపాటు డబ్బు పోసి పట్టించిన పాలిష్ కూడా పోతుంది. బండ రంధ్రాలు తెరుచుకొని, ఆ తర్వాత పడిన ప్రతి నూనెచుక్కనూ పీల్చేస్తుంది. కొత్త ఇంటి బండలు ఏడాదికే పాతబడ్డాయని బాధపడేవాళ్ళు ఒకసారి ఆ రోజును గుర్తుచేసుకోవాలి.

సిమెంటు చుక్కలను ఏం చెయ్యాలంటే, పచ్చిగా ఉన్నప్పుడే తడి స్పాంజితో తుడిపించాలి. పనివాళ్ళకు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. ఎండిపోయినవాటిని చెక్క పలకతోనో, మొండి ప్లాస్టిక్ గీకుడుతోనో ఓపికగా గీకాలి. పాలిష్ మిషన్ ఇంట్లోకి ఎలాగూ వచ్చేదుంటే దాని రాయి కిందే ఆ చుక్కలు పోతాయి, యాసిడ్ అవసరమే రాదు.

నేల ఏ రాయో తెలియని అద్దె ఇంట్లో చేరినవాళ్ళు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మంచం కిందో, బీరువా వెనకో, ఎవరి కంటా పడని మూలలో ఒక్క చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిమిషాలాగి తుడిచి, పక్కనుంచి వెలుతురుకు చూడాలి. ఆ చోట మెరుపు తగ్గిందంటే సున్నపు జాతి రాయే. పాలరాయీ ఈ జాతిదే, మొజాయిక్ నేలలో కనిపించే తెల్లటి రాతి ముక్కలూ చాలావరకు ఇవే. ఏమీ కాకపోతే గ్రానైటో, టైలో అయివుంటుంది.

ఇక రోజువారీ పని. బండను అరగదీసేది కాలు కాదు, కాలికింది ఇసుక. 1812లో ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిఖ్ మోస్ ఖనిజాల గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. ఆ లెక్కలో సున్నపురాయిలోని కాల్సైట్ మూడో మెట్టు మీద ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ ఏడో మెట్టు మీద ఉంది. అంటే వాకిట్లోంచి చెప్పులతో వచ్చిన ప్రతి ఇసుక రేణువూ బండకు ఉప్పుకాగితమే. ఎండాకాలం దుమ్ము గాలులు లేచే సీమలో ఇది చిన్న సంగతి కాదు. అందుకని తడిగుడ్డకు ముందు పొడిగా నూకడం తప్పనిసరి. నూకకుండా తుడిస్తే ఆ ఇసుకనే గుడ్డ కింద పెట్టి నేలంతా రుద్దినట్టు. ఈనెల పరక వాకిలికి, మెత్తటి కొండచీపురు ఇంట్లోకి. గడప బయట గరుకు పట్టా ఒకటి, లోపల గుడ్డ పట్టా ఒకటి వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది. వానాకాలం నల్లరేగడి అంటిన కాళ్ళ జాడలను పచ్చిగా రుద్దితే నేలంతా పులుముకుంటాయి. ఎండనిచ్చి, గీకి, నూకి, ఆ తర్వాత తుడవడం సులువు.

తుడిచే నీళ్ళ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సున్నపురాతి సీమలో బోరునీళ్ళకు ఆ సున్నమే కలిసి ఉంటుంది. ఉడకబెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది ఆ నీళ్ళే. వాటితో తడితడిగా తుడిచి ఫ్యాను వేసి వదిలేస్తే, నీరు ఆవిరై సున్నం బండ మీద మిగులుతుంది. కొన్నాళ్ళకు నేల మసకబారుతుంది. సబ్బుబిళ్ళ అరగదీసి కలిపితే ఇంకా చెరుపు, గట్టినీళ్ళలోని సున్నంతో సబ్బు కలిసి బూడిదరంగు తెట్టు కడుతుంది, అది కాలికి జిడ్డుగా తగులుతుంది. ద్రవరూపంలో వచ్చే డిటర్జెంట్లు అలా తెట్టు కట్టవు. బకెట్ నీళ్ళకు ఒక చెంచా చాలు, అదీ పులుపు లేనిది చూసి కొనాలి. సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉంటే అది వాసనకో, నిజంగానే ఆమ్లం ఉందో చీటీ చదివి తేల్చుకోవాలి. రాళ్ళకు అమ్మే ద్రవాల మీద పీహెచ్ ఏడు ప్రాంతంలో ఉందని, అంటే పులుపూ క్షారమూ కాదని, రాసి ఉంటే మంచిది.

రెండు బకెట్లు పెట్టుకోవడం ఇందులో అసలైన కిటుకు. ఒకదాంట్లో డిటర్జెంట్ నీళ్ళు, ఒకదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్తనీళ్ళు. గుడ్డను చుక్క కారకుండా పిండి తుడవాలి, వెనకనే పొడిగుడ్డ ఒకటి వెయ్యాలి. ఆ పొడిగుడ్డతోనే మెరుపంతా వస్తుంది. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిస్తే వంటింటి జిడ్డు పడకటింటిదాకా పోతుంది. నీళ్ళు బకెట్లతో గుమ్మరించి కడగడం పండగలకూ పబ్బాలకూ చాలు. నీరు సందుల్లోంచి అడుగుకు దిగితే పొరలున్న బండ పెచ్చులు లేస్తుంది, అడుగున ఉన్న మట్టిలోని చౌడు పైకొచ్చి గోడల పక్కన తెల్లటి పొడిలా పూస్తుంది. ఆ పొడిని కడిగితే మళ్ళీ కరిగి లోపలికే పోయి మళ్ళీ పూస్తుంది. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తిపారెయ్యాలి, తేమ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి.

మరకల్లో నూనె మరక మొండిది. దాన్ని పైనుంచి తోమితే లాభం లేదు, లోపలినుంచి లాగాలి. పీల్చుకునే గుణమున్న మెత్తటి పొడి ఏదైనా పనికొస్తుంది, ముల్తానీమట్టి, వంటసోడా, పిల్లలకు పూసే పౌడర్. ఆ పౌడర్‌కు మూలమైన బలపపు రాయి బేతంచెర్ల చుట్టుపక్కల గనుల్లో దొరికేదే! పొడిని నీళ్ళతో దోసెపిండిలా కలిపి, మరక మీద అంగుళంలో పావువంతు మందాన పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి అంచులు అంటించాలి. ఒక రోజు ఉంచి, కాగితం తీసి, పూర్తిగా ఎండనివ్వాలి. ఎండుతూ ఎండుతూ నూనెను పైకి పీలుస్తుంది. ఒకసారికి పోకపోతే రెండోసారి, మూడోసారి. ఇది వంటింటి చిట్కా మాత్రమే కాదు. తాజ్‌మహల్ పాలరాయి పసుపుబారినప్పుడు భారత పురావస్తు శాఖ 1994 నుంచి పలుమార్లు చేసిందీ మట్టిపూతే. తాజ్‌మహల్‌కు సరిపోయిన ఓపిక మన వంటింటికి సరిపోదా?

పసుపు మరకది ఇంకో తీరు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుందని దిష్టినీళ్ళు కలిపిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. సబ్బు, వంటసోడా లాంటి క్షారాలు తగిలినా అంతే. గడపకు పూసిన పసుపు బండమీదికి జారినప్పుడు సబ్బు పెట్టి రుద్దితే అది ఎర్రబడి ఇంకా భయపెడుతుంది. ముందు పొడిగా ఎత్తి, ఉత్తనీళ్ళతో అద్ది, మిగిలిన ఛాయను ఎండకు వదిలెయ్యాలి. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, కొన్నాళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది.

మెరుపు కోసం బండకు కొబ్బరినూనె, కిరసనాయిలు రుద్దే పద్ధతి చాలా ఇళ్ళల్లో ఉంది. నల్లబండ ఆ పూటకు నిగనిగలాడుతుంది. రెండో రోజుకు దుమ్మంతా దానికే అంటుకుంటుంది, కాలు జారుతుంది, కిరసనాయిలుకైతే నిప్పు భయం కూడా. బండ పీల్చుకునే గుణాన్ని తగ్గించాలంటే రాతిలోకి ఇంకే సీలర్లు దొరుకుతాయి. ఒక నీటిచుక్క వేసి చూస్తే, కొద్ది నిమిషాల్లో ఆ చోటు నల్లబడిందంటే సీలర్ అవసరమైంది. చుక్క గుండ్రంగా నిలబడి ఉంటే ఇంకా అక్కరలేదు.

టైళ్ళ సంగతి చాలావరకు తేలిక. విట్రిఫైడ్ టైలు నీటిని తన బరువులో అర శాతానికి మించి పీల్చుకోదు, పులుపుకూ చలించదు. గట్టినీళ్ళ తెల్లపొరను దాని మీదనుంచి పల్చని వెనిగర్‌తో తుడవొచ్చు. అయితే టైలు తట్టుకున్నంతగా టైళ్ళ మధ్య సందు తట్టుకోదు. ఆ సందులో ఉన్నది సిమెంటు. బాత్‌రూమును వారం వారం యాసిడ్‌తో కడిగే ఇళ్ళల్లో ఆ సందులు గుల్లబారి, నీరు కిందికి దిగి, కింది గది కప్పుకు చెమ్మ పడుతుంది. చాలామంది దాన్ని పైపు లీకనుకుంటారు. సందులకు వంటసోడా ముద్ద, పాత పళ్ళబ్రష్ చాలు. గ్రానైట్‌కు రోజువారీ డిటర్జెంట్ నీళ్ళు సరిపోతాయి. చెక్క పలకల నేలలు సీమలో అరుదు, ఉన్నచోట పిండిన గుడ్డ తప్ప నీళ్ళు ఒంపకూడదు.

సిమెంటులో ఎర్రరంగు కలిపి నున్నగా తాపీ పట్టిన పాతకాలపు గచ్చు ఇంకా ఉన్న ఇళ్ళవాళ్ళు అదృష్టవంతులు. ఆ ఎరుపు తుప్పు జాతి రంగే, ఎండకు వెలవదు. యాసిడ్ మాత్రం తగలనివ్వకూడదు, సిమెంటు గుల్లబారి తెల్లటి చారలు పడతాయి. ఏడాదికొకసారి మైనం పాలిష్ పల్చగా పట్టించి గుడ్డతో రుద్దితే చాలు. మట్టిమిద్దెల్లో పేడతో అలికిన నేలకైతే లెక్కే వేరు. అది తుడిచే నేల కాదు, తిరిగి తిరిగి కట్టుకునే నేల. అలికిన ప్రతిసారీ పగుళ్ళు పూడి, దుమ్ము అణిగి, పైపొర కొత్తదవుతుంది.

ఒక్క హెచ్చరికను మాత్రం గట్టిగా చెప్పి తీరాలి. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పొయ్యకూడదు. టాయిలెట్ కడిగే ద్రవాల్లో చాలావాటిలో ఉన్నదీ యాసిడే, కనుక అవీ పొయ్యకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర యుద్ధంలో జర్మన్ సైన్యం శత్రువు మీదికి వదిలిన వాయువు అదే. కిటికీ లేని చిన్న బాత్‌రూములో, తలుపు వేసుకొని, రెండు రకాలూ పోస్తే ఎక్కువ తెలుపొస్తుందని ఆశపడే మనిషికి ఊపిరి ఆడదు. కళ్ళు మండి దగ్గు మొదలైతే కడగడం ఆపి వెంటనే బయటికి వచ్చెయ్యాలి, తలుపులు తెరిచి ఉంచాలి, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో పనికి వచ్చే అమ్మకు ఈ మాట చెప్పడం ఇంటివాళ్ళ బాధ్యత. సీసాలు కొనేది వాళ్ళు, పీల్చేది ఆమె.

నడుం గురించి కూడా ఒక మాట. వంగి గుడ్డతో తుడుస్తూ రోజుకు నాలుగు గదులు చేసే మనిషికి పొడుగు కర్ర ఉన్న మాపు ఇవ్వడం ఖర్చుతో కూడిన పనేం కాదు. తడి ఆరేదాకా పెద్దవాళ్ళను ఆ గదిలోకి రావద్దని చెప్పాలి. పాలిష్ బండ తడిస్తే గాజులా జారుతుంది, తుంటి ఎముక విరిగితే పెద్ద వయసులో కోలుకోవడం కష్టం. మెరుపు మరీ ఎక్కువైన పాలిష్‌ను బాత్‌రూము ముందు, మెట్ల మీద పట్టించకపోవడమే మంచిది. అక్కడ గరుకు ముఖం బండే వెయ్యాలి. ఇంట్లో ఉన్న మగవాళ్ళు, పిల్లలు రోజుకొక గది వంతు వేసుకుంటే ఇన్ని జాగ్రత్తలూ ఒక్కరి మీద పడవు.

ఇన్ని చేసినా పదేళ్ళకో పదిహేనేళ్ళకో నడిచే దారిలో మెరుపు తగ్గుతుంది. దానికి భయపడనక్కరలేదు, ఈ రాతికి ఉన్న గొప్ప గుణం మళ్ళీ పాలిష్ తీసుకోవడం. మిషన్‌కు కార్బొరండం రాళ్ళు బిగించి, గరుకు రాయితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా మెత్తటి రాయిదాకా నీళ్ళు పోస్తూ పడతారు. నిమ్మచెక్క మచ్చలు పోయేది అక్కడే. చివర్లో మేస్త్రీలు చల్లే తెల్లటి పొడి తరచుగా ఆక్సాలిక్ ఆమ్లం. దాన్ని మిషన్ కింద, లెక్కగా వాడి వెంటనే కడిగేస్తారు కాబట్టి నడుస్తుంది. అది విషం కూడా. మిగిలిన పొడిని ఇంట్లో దాచుకొని నేల తుడవడానికి వాడకూడదు, పిల్లలకు అందే చోట ఉంచకూడదు. మెత్తటి రాయిదాకా పోకుండా మధ్యలో ఆపేసి మైనం రుద్ది పోయే పనివాళ్ళూ ఉంటారు. పని ఒప్పుకునే ముందే ఎన్ని రాళ్ళు మారుస్తారో అడగాలి, ఒక మూల నమూనాగా పట్టించి చూసుకోవాలి. మిషన్ నుంచి వచ్చే తెల్లటి బురదను కాలువలో వదిలితే అది గడ్డకట్టి కాలువ పూడుస్తుంది. గోనెసంచిలో వంపి, నీరు వడకట్టి, ఎండాక ఎత్తెయ్యాలి.

కొత్తగా బండలు పరిపిస్తున్నవాళ్ళు లెక్కకన్నా నాలుగైదు బండలు ఎక్కువ తెప్పించుకోవాలి. గనిలో ఆ పొర అయిపోతే అదే రంగు, అదే మందం మళ్ళీ దొరకదు. రోలు జారిపడి వంటింట్లో ఒక బండ పగిలినప్పుడు ఆ తేడా కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. మిగిలిన బండలను పడుకోబెట్టకుండా పెరటి గోడకు నిలువుగా, పాలిష్ ముఖం లోపలికి ఉండేలా, మధ్యలో పాత గోనె పెట్టి ఆనించాలి. కింద రెండు చెక్కముక్కలు వేస్తే అంచులు విరగవు, చౌడు ఎక్కదు.